గిబియోనీయుల రొట్టె

ధ్యానభాగము: యెహోషువ 9వ అధ్యాయము

క్రైస్తవుడైనవాడు తనయొద్దకు వచ్చి సహాయమడుగువానిని, లేక సహాయము చేసెదనని చెప్పువానిని, నమ్మవలెనా శంకింపవలెనా అను ప్రశ్న పాతదే. అయితే మన పల్లెలలో సహితము ఇంటింటికి కంప్యూటరో చేతి ఫోనో వచ్చి, ముఖము చూడని మనుష్యులు దినమునకు పదిమంది మన తలుపు తట్టుచుండగా, ఆ ప్రశ్న క్రొత్త బలముతో మన యెదుట నిలిచియున్నది. సంఘములో దీనిని గూర్చి రెండు విధములైన మాటలు వినుచున్నాము. ప్రభువే కాపాడువాడు గనుక ఈ తాళములు, పాస్‌వర్డులు, జాగ్రత్తలు మనకు అంతగా అక్కరలేదని కొందరు 127వ కీర్తనను చూపుదురు. అనుమానపడుట ప్రేమకు విరోధమనియు, పౌలు కొరింథీయులకు వ్రాసిన ప్రేమాధ్యాయమునుబట్టి నమ్ముటయే మన ధర్మమనియు మరికొందరు అందురు.

మొదటి మాటకు జవాబు పొడవైనది కాదు. ఆ కీర్తనలో పట్టణమునకు కావలివాడొకడున్నాడు. దేవునిమీద ఆనుకొనని కావలి వ్యర్థమని అక్కడ నేర్చుకొనుచున్నాము గాని, కావలివానిని ఇంటికి పొమ్మని కీర్తనకారుడు చెప్పలేదు. రాత్రివేళ గొడ్ల కొట్టమునకు గడియ వేయుట అవిశ్వాసమని మనలో ఎవరును అనరు. రెండవ మాట బరువైనది. దానిని పలుకువారు తరచుగా మంచివారు, ఇచ్చుటకు చేయి చాచువారు. అందరిని దొంగలుగా చూచుటకు అలవాటుపడిన మనస్సు ప్రార్థనకు కూడ పనికిరాకుండ ఎండిపోవునని వారు భయపడుదురు. ఆ భయము న్యాయమైనదే. కాబట్టి దీనిని లేఖనములయొద్దకు తీసికొనిపోయి చూతము.

యెహోషువ గిల్గాలులో దిగియున్న కాలమున గిబియోను నివాసులు అతనియొద్దకు వచ్చిరి. వారు పొరుగువారే, అయినను బహు దూరదేశమునుండి వచ్చినవారివలె వేషము వేసికొనిరి. గాడిదలమీద పాత గోనెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టె. తాము ఇల్లు విడిచిన దినమున ఆ రొట్టె వేడిగా ఉండెనని చెప్పిరి. ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనింపవలెను. ఇశ్రాయేలీయులు వెఱ్ఱివారై మోసపోలేదు. వారికి అనుమానము కలిగెను. వీరు మన మధ్యనే కాపురముండువారేమో అని పైకే పలికిరి. మీరెవరు, ఎక్కడివారని యెహోషువయు అడిగెను. ఆ రొట్టెను పుచ్చుకొని చూచిరి. అనగా వారు శంకించిరి, ప్రశ్నించిరి, రుజువులు పరీక్షించిరి, అయినను మోసపోయిరి. ఎందుకనగా వారు ప్రశ్నించినది మోసగానినే, పరీక్షించినది మోసగాడు తెచ్చిన రొట్టెనే. అడుగవలసిన మరియొక చోటు వారికుండెను. అక్కడ మాత్రము అడుగలేదని 14వ వచనమునుబట్టి తెలిసికొనుచున్నాము. మూడు దినములైన తరువాత నిజము బయటపడెను.

ఇస్సాకు సంగతియు ఇట్టిదే (ఆదికాండము 27). స్వరము వినగానే అతనికి సందేహము కలిగెను. కుమారుని దగ్గరకు పిలిచి తడవి చూచెను. నీవు నిజముగా ఏశావువేనా అని మరల అడిగెను. వేట ఇంత త్వరగా ఎట్లు దొరికెనని అడుగగా, యాకోబు దేవుని పేరు చెప్పి తప్పించుకొనెను. ఆ ముసలి తండ్రికి చూపు మందగించినది గాని బుద్ధి మందగింపలేదు. అయితే అతడు తడవినది తల్లి తొడిగిన మేకపిల్లల చర్మమును, వాసన చూచినది అన్న బట్టలను. మనము ఏమి తడవి చూతుమో మోసగాడు ముందుగా ఎరిగి, దానినే సిద్ధపరచుకొని వచ్చును. నేటి కంప్యూటరు మోసములలో విస్తారమైన వాటికి మూలమిదియే.

మొదట మన పాస్టరులకు వచ్చు ఉత్తరములను చూడుడి. ఈమెయిల్ చిరునామా గల సంఘకాపరికి ఇట్టిది ఒకటైనను వచ్చియుండును. క్రీస్తునందు ప్రియమైనవారని సంబోధించి దూరదేశములోని ఒక విధవరాలు వ్రాయును. భర్త గతించెను, తాను క్యాన్సరుతో మరణశయ్యమీదనున్నది, పిల్లలు లేరు, బ్యాంకులో లక్షల డాలర్లున్నవి, ప్రార్థించుచుండగా మీ సంఘము పేరు తనకు బయలుపరచబడినది, ఆ ధనముతో మందిరము కట్టింపుడి, అనాథలను పోషింపుడి. క్రింద ఒక వాక్యము, ఒక లాయరు పేరు. జవాబు వ్రాసినయెడల మొదట ఏమియు అడుగరు. రెండు వారములు ప్రార్థనలును దీవెనలును నడుచును. తరువాత పత్రములకు రుసుము, దాని తరువాత పన్ను, ఆ తరువాత డబ్బు మార్పిడి ఖర్చు. ఒకటి కట్టగానే మరియొకటి మొలచును. గిబియోనీయులు ఏమని చెప్పుకొనిరో 9వ వచనములో చూడుడి. మీ దేవుని నామమునుబట్టియే ఇంత దూరము వచ్చితిమనిరి. అన్ని వేల సంవత్సరములైనను మాట మారలేదు. వానకు రేకులు కారుచుండగా గొడుగు పట్టుకొని ప్రసంగము చేయు కాపరికి ఇది చిన్న శోధన కాదు. అట్టివానిని దురాశాపరుడని తీర్పు తీర్చువారు ఒక వానకాలము ఆ మందిరములో కూర్చుండి చూడవలెను.

ఇది కంప్యూటరుతో పుట్టిన మోసము కాదు. స్పెయిన్ దేశపు చెరసాలలో ధనికుడొకడు చిక్కుకొనియున్నాడు, విడిపించుటకు కొంత సొమ్ము పంపినయెడల పదింతలు దొరకునని చెప్పు ఉత్తరములు 19వ శతాబ్దములోనే తపాలాలో తిరిగెడివి. ఈమెయిల్ వచ్చిన తరువాత నైజీరియానుండి ఇట్టివి విస్తారముగా వచ్చుటచేత, ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసమును గూర్చిన 419వ సెక్షను అంకెయే వీటికి పేరుగా నిలిచినది. నైజీరియాలో మనకంటె ఆసక్తిగా ప్రార్థించు సంఘములు అనేకములున్నవి. ఒక దేశస్థులందరిని దొంగలని తలచుట మరియొక పాపము. ఇప్పుడివి ఏ దేశమునుండియైనను, పక్క జిల్లానుండియైనను రావచ్చును. 2019లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారు సంఘస్థులకు ఒక హెచ్చరిక చేసిరి. పాస్టరు పేరిట సంఘస్థులకు సందేశములు వచ్చుచున్నవి, రోగులకొరకో బీదలకొరకో గిఫ్టు కార్డులు కొని వాటిమీది అంకెలు పంపుడని అడుగుచున్నవి, అవి పాస్టరు పంపినవి కావు అని. అక్కడ దొంగ తొడిగికొన్న చర్మము కాపరి పేరే.

వైరసు అనునది కూడ ఈ త్రోవనే నడుచును. వైరసు అనగా ఒక కంప్యూటరులో దూరి, తనవంటి నకళ్లను తానే చేసికొని, ఇతర కంప్యూటర్లకు ప్రాకు ప్రోగ్రాము. 2000వ సంవత్సరము మే 4న ఫిలిప్పీన్సు దేశమునుండి బయలుదేరినదానిని గూర్చి కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఆ ఈమెయిల్ శీర్షిక ‘ఐ లవ్ యూ’. దానికి ప్రేమలేఖ అను పేరుతో ఒక ఫైలు జతచేయబడియుండెను. అది చదువుకొను ఉత్తరమా, లేక నడుచు ప్రోగ్రామా అని తెలుపు చివరి మూడక్షరములను ఆనాటి విండోస్ సామాన్యముగా తెరమీద చూపెడిది కాదు. కాబట్టి అది వట్టి ఉత్తరమువలె అగుపడెను. తెరచిన వెంటనే అది ఆ కంప్యూటరులోని ఫొటోలను పాడుచేసి, చిరునామాల పుస్తకములోనున్న వారందరికి, తెరచినవాని పేరిటనే, తన్ను తాను పంపుకొనెను. కొద్ది దినములలో లోకమంతట లక్షలాది కంప్యూటర్లకు ప్రాకెను. బ్రిటిషు పార్లమెంటువారు సహితము తమ ఈమెయిళ్లను కొంతసేపు నిలిపివేసికొనవలసివచ్చెను.

ఆ ఉత్తరము అపరిచితునినుండి వచ్చియుండినయెడల అంతమంది తెరచియుండరు. తోడి ఉద్యోగి పేరిట, మేనమామ పేరిట వచ్చినది గనుక తెరచిరి. తెరచినవాడు తన సొత్తు మాత్రమే పోగొట్టుకొనలేదు. తన్ను నమ్మినవారందరి తలుపులకు తానే త్రోవయయ్యెను. ‘మా యింటి కంప్యూటరులో దొంగలు ఎత్తుకొనిపోవుటకు ఏమున్నది?’ అని అనేకులు అడుగుచుందురు. అందులో మీ బంధువుల పేర్లున్నవి, ఫోను నంబర్లున్నవి, ఆదివారపు బడి పిల్లల ఫొటోలున్నవి. సంఘ కార్యదర్శి యింటి కంప్యూటరైతే కానుకల లెక్కలు, బాప్తిస్మపు పట్టిక కూడ ఉండును. మీ పేరును మీ స్నేహితులు నమ్ముదురు. దొంగకు కావలసిన ధనము అదియే.

ఇప్పుడు మా పాస్టరేటులో జరిగిన ఒక సంగతి ఆమె సెలవుతోనే వ్రాయుచున్నాము. బడిపంతులమ్మగా 30 ఏండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక సహోదరి తన గ్రామములో ఒంటరిగా కాపురమున్నది. మనుమలతో మాటలాడుటకు కుమారుడు ఒక కంప్యూటరు అమర్చి వెళ్లెను. ఒక సాయంకాలము స్త్రీల సమాజమునకు నేర్పదలచిన కీర్తన రాగము వెదకుచుండగా తెర అంతయు ఎఱ్ఱనై, పెద్ద ధ్వని మ్రోగి, మీ కంప్యూటరుకు వైరసు సోకినది, ఆపివేసినయెడల అంతయు పోవును, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడని కనబడెను. ఆమె ఫోను చేసెను. మంచి తెలుగులో ఒక యౌవనుడు ‘అమ్మా, కంగారుపడకండి, మేమున్నాం’ అనెను. మీరు నిజముగా కంపెనీవారేనా అని ఆమె అడిగెను. అతడు తన ఉద్యోగపు నంబరు చెప్పెను. ఫొటో గల గుర్తింపు కార్డును తెరమీద చూపెను. ఎప్పటి రొట్టె! తరువాత, దూరమునుండియే కంప్యూటరును నడుపుటకు వీలిచ్చు ఒక ప్రోగ్రామును ఆమెచేతనే పెట్టించెను. బ్యాంకులోని వారే దొంగలతో కలిసియున్నారు, ఎవరితోను చెప్పకండి, ఫోను పెట్టేయకండి అనుచు రెండు గంటలు నడిపెను. ఆమె ఖాతానుండి 84 వేల రూపాయలు పోయెను.

ఆ ఎఱ్ఱని తెర నిజముగా వైరసు కానేకాదు. ఇంటర్నెట్‌లోని ఒక పుట తెరయంతట పరచుకొని అరచుటయే. సంతలో ఎవడో మన ముఖమునకు అడ్డముగా అట్ట పట్టుకొని కేకలు వేసినట్లే. బ్రౌజరును మూసివేసినను, మూతపడనియెడల కంప్యూటరునే ఆపివేసినను ఆ ధ్వని పోవును. పోవునవి వేరేమియు లేవు. తమ విండోస్ హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడును ఉండదని మైక్రోసాఫ్ట్ కంపెనీవారే తెలిపియున్నారు. వైరసులను పట్టు కావలి ప్రోగ్రాము నేటి విండోస్‌లో లోపలనే ఉండును. దానికి వేరుగా ఎవనికిని సొమ్ము కట్టనక్కరలేదు. ఇవి ఆమెకు ముందుగా తెలియవు. తెలియకపోవుట పాపము కాదు.

మరి ఆమె అడుగవలసిన స్థలమేది? అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో ఒక చిన్నదాని సంగతి ఉన్నది. రాత్రివేళ మార్కు తల్లియైన మరియ యింటి తలుపును ఎవరో తట్టిరి. రొదే అను పనిపిల్ల వచ్చి, పేతురు స్వరమును గుర్తుపట్టి, తలుపు తీయకుండ లోపలికి పరుగెత్తి ఆ సంగతి చెప్పెను. లోపలివారు నమ్మలేదు, నీకు పిచ్చిపట్టినదనిరి. కొంతసేపు వాదము జరిగెను. ఆమె తలుపు తీయకపోవుట సంతోషముచేతనే గాని జాగ్రత్తచేత కాదని లూకా వ్రాసియున్నాడు. కాబట్టి ఆమెను మన మాదిరిగా నిలుపుట సరికాదు. మనము చూడవలసినది బయటనున్న పేతురును. అప్పుడే చెరసాలనుండి తప్పించుకొని వచ్చినవాడు, వీధిలో నిలువబడుట అతనికి ప్రాణాపాయము. అయినను తలుపు తీయలేదని కోపించి వెళ్లిపోలేదు, నన్ను నమ్మరా అని కేకలు వేయలేదు, తట్టుచునే ఉండెను. లోపలివారు తమలో తాము విచారించుకొని వచ్చి తీసిరి. అతడు ఎవరినైనను గద్దించినట్లు మనము చదువము.

ప్రేమను గూర్చిన మన ప్రశ్నకు ఇక్కడ వెలుగు దొరకుచున్నదని తలంచుచున్నాము. మనము విచారించుకొని వచ్చువరకు నిజమైన స్నేహితుడు ఓర్చుకొనును. ఓర్చుకొననివాడు తానెవడో ఆ తొందరచేతనే తెలుపుకొనును. బెరయవారు పౌలు మాటలనే లేఖనములతో సరిచూచుకొనగా లూకా వారిని ఘనులని మెచ్చుకొనెను గాని ప్రేమలేనివారని అనలేదు. ఇంకొకటి. మీ అన్న పేరిట వాట్సాప్‌లో ఇరువది వేలు అడుగు సందేశము వచ్చినప్పుడు, మీరు అన్నకే ఫోను చేసి అడుగుట అతనిని అవమానించుట కాదు. ఎవడో అతని పేరు దొంగిలించియున్నయెడల అతనికి మొదట తెలియజేయువారు మీరే. పౌలు చెప్పిన ప్రేమ మనుష్యులను గూర్చినది. తెరమీద మెరయు అక్షరములన్నిటిని అన్నయే వ్రాసెనని నమ్ముమని అతడు ఎక్కడ చెప్పెను?

అయితే అడుగు త్రోవ మనది కావలెను, వచ్చినవాడు చూపిన త్రోవ కాకూడదు. బ్యాంకునుండి పిలుచుచున్నామని ఎవరైన చెప్పినయెడల ఫోను పెట్టివేసి, మన పాస్‌పుస్తకముమీదనో కార్డు వెనుకనో ఉన్న నంబరుకు మనమే చేయవలెను. లేక మరుసటి దినము బ్యాంకుకే నడిచిపోవలెను. అతడు ఇచ్చిన నంబరుకు చేసి విచారించుట, గిబియోనీయుడు మోసమా అని గిబియోనీయుని తమ్ముని అడిగినట్లగును. ఇంటర్నెట్‌లో వెదకి తీసిన నంబరు కూడ కొన్నిసార్లు దొంగలు పెట్టినదే యుండును. ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలు ఎవరికిని చెప్పవలసినవి కావు. యూపీఐ పిన్ మనము సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. కానుక పంపుచున్నాము, పిన్ కొట్టండి అనువాడు పుచ్చుకొనువాడే. వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ అని వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అను అక్షరములున్నయెడల అది శుభలేఖ కాదు, ఫోనులో చొరబడు ప్రోగ్రాము. 2000వ సంవత్సరపు ప్రేమలేఖయే పెండ్లిబట్టలు కట్టుకొని వచ్చినది.

మోసగాడు ఎల్లప్పుడును తీపిమాటలతో రాడు. నెహెమ్యా 6వ అధ్యాయము ఈ దినములలో తప్పక చదువదగినది. సన్బల్లటు, గెషెము అనువారు ఓనో మైదానమునకు రమ్మని నాలుగుమార్లు పిలిపించిరి. నెహెమ్యా పని విడిచి వెళ్లలేదు. అయిదవమారు విప్పియున్న పత్రిక పంపిరి. నీవు రాజుమీద తిరుగబడుచున్నావని వదంతి పుట్టినది, ఇది రాజుకు వినబడును, కాబట్టి వచ్చి మాతో ఆలోచన చేయుము అని దాని సారాంశము. మొదట నేరము మోపుట, తరువాత పై అధికారి పేరు చెప్పుట, ఆ తరువాత మేమే తప్పించెదమనుట. ‘డిజిటల్ అరెస్టు’ అని నేడు వినుచున్నది దీనికంటె వేరేమి? పోలీసు దుస్తులు వేసికొన్నవాడు వీడియోలో కనబడి, మీ ఆధారు కార్డుమీద మత్తుపదార్థముల పొట్లము దొరకినది, మీరు నిర్బంధములో ఉన్నారు, గదినుండి కదలరాదు, ఎవరితోను చెప్పరాదు, విచారణ ముగియువరకు మీ సొమ్ము ఈ ఖాతాలో వేయుడని భయపెట్టును. మన దేశపు చట్టములో అట్టి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ సంగతి చెప్పి, ఆగి, ఆలోచించి, తరువాత చర్య తీసికొనుడని ప్రజలను హెచ్చరించిరి.

నెహెమ్యా ఇచ్చిన జవాబు చిన్నది. నీవు చెప్పునట్టివి జరుగలేదు, నీవే కల్పించితివి అనెను. తరువాత షెమయా అను ప్రవక్త, నిన్ను చంపవచ్చుచున్నారు, దేవాలయములో దాగుకొందము రమ్మని చెప్పగా, ఈ మాట దేవునియొద్దనుండి రాలేదనియు, సొమ్మిచ్చి చెప్పించినదనియు గ్రహించెను. భక్తిగల మాటయైనను, దాగుకొమ్మనియు తలుపులు మూసికొమ్మనియు తొందరపెట్టుచుండినందున అతడు నిలిచి ఆలోచించెను. ఎవరితోను చెప్పవద్దని ఆజ్ఞ వచ్చినప్పుడు, ఆ క్షణమే ఎవరితోనైనను చెప్పవలెను. పక్కింటి కోడలితో చెప్పినను చాలును.

ఇక ఇంటి కంప్యూటరును భద్రపరచుట. మిద్దె కట్టుకొన్నవాడు దానికి పిట్టగోడ కట్టింపవలెనని ధర్మశాస్త్రములో ఒక ఆజ్ఞ ఉన్నది (ద్వితీయోపదేశకాండము 22:8). ఎవడైన దానిమీదనుండి పడినయెడల ఆ దోషము ఇంటివానిమీదికి వచ్చును. పిట్టగోడ ఇంటివానికొరకు మాత్రమే కాదు, వచ్చిపోవువారికొరకు. కంప్యూటరుకు అప్డేటులు అట్టివి. 2017 మే 12న వానాక్రై అను వైరసు ఒక్కసారిగా లేచి, ఫైళ్లకు తాళము వేసి, విప్పుటకు 300 డాలర్లు అడిగెను. 150 దేశములలో అది వ్యాపించెను. బ్రిటనులో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేయవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లకు కొన్నిటికి సహితము అది తగిలెను. అది చొరబడిన కంతను పూడ్చు అప్డేటును మైక్రోసాఫ్ట్‌వారు మార్చి 14ననే విడుదల చేసియుండిరి. రెండు నెలలు గోడలో కంత తెరచియుండెను. పూడ్చుకొనినవారి యిండ్లలోనికి అది ఆ త్రోవను రాలేకపోయెను. అప్డేటు అడిగినప్పుడెల్ల ‘తరువాత’ అని నొక్కువారు దీనిని తలంతురు గాక. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. అది గల పాత కంప్యూటరుతో బ్యాంకు పనులు చేయకుండుట మేలు.

ఇక్కడ సంఘములకు ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. సంఘపు కరపత్రములు, పాటల పుస్తకములు అచ్చువేయుటకై సొమ్ము చెల్లించని దొంగ సాఫ్ట్‌వేరు కొన్ని సంఘముల కంప్యూటర్లలో ఉన్నది. తాళము విరిచిన ఆ ప్రోగ్రాములతో కూడ వైరసు వచ్చుట బహు సాధారణము. వాటిని పెట్టునప్పుడు కావలి ప్రోగ్రామును ఆపివేయుమని అవే చెప్పును. కావలివానిని పంపివేయుమని కోరు అతిథి ఎవడు? దేవుని పని అని చెప్పినను దొంగసొత్తు దొంగసొత్తే. ఇప్పుడు లిబ్రే ఆఫీసు వంటి ప్రోగ్రాములు ఉచితముగా దొరకుచున్నవి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటి అందమైన తెలుగు ఫాంట్లు ఎవరైనను న్యాయముగా వాడుకొనుటకు ఉచితముగా ఉన్నవి. సాకు చెప్పుటకు వీలులేదు.

ముఖ్యమైన ఫైళ్లకు మరియొక నకలు వేరుగా ఒక డిస్కులో ఉంచి, ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియే ఉంచినయెడల వైరసు దానికి కూడ తాళము వేయును. యోసేపు సమృద్ధి సంవత్సరములలో కొట్లు నింపెను గాని కరవు వచ్చిన తరువాత కాదు.

ఆ సహోదరియొద్దకు మరల వత్తము. సొమ్ము పోయిన తరువాత నాలుగు నెలలు ఆమె ఎవరితోను చెప్పలేదు. కుమారునితో సహితము చెప్పలేదు. ఆరాధనకు వచ్చెడిది గాని ప్రభు భోజనపు బల్లయొద్దకు రాకుండెను. మేము ఇంటికి వెళ్లి అడుగగా ఏడ్చి చెప్పెను. అంతకుముందు లాటరీ మోసములో పడిన మరియొక స్త్రీని గూర్చి స్త్రీల సమాజములో నవ్వుకొనిన సంగతి ఆమె చెవిలోనుండెను. ‘ముప్పది ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నన్ను చూసి కూడా నవ్వుతారు గదా, అయ్యగారూ’ అనెను. 84 వేలు దొంగ తీసికొనెను. బల్లయొద్ద ఆమె స్థలమును తీసికొన్నది ఆ నవ్వు. యెరికో త్రోవలో కొట్టబడి పడియున్నవానిని, ఒంటరిగా ఆ త్రోవను ఏల వచ్చితివని సమరయుడు అడిగినట్లు ప్రభువు చెప్పలేదు. ఆ ప్రశ్నకు తగిన సమయము పూటకూళ్లవాని యింటిలో గాయములు మానిన తరువాత ఉండునేమో గాని, రక్తము కారుచుండగా కాదు.

ఈ సిగ్గు సొమ్ము విషయములో కూడ నష్టకరము. మోసము జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేసినయెడల, లేక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ చిరునామాలో ఫిర్యాదు వ్రాసినయెడల, ఆ సొమ్ము ఏ ఖాతాకు పోయినదో ఆ బ్యాంకుకు తెలిపి అక్కడనే నిలిపివేయుటకు ప్రయత్నింతురు. దొంగలు దానిని ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు గంటలలోనే మార్చివేయుదురు గనుక మొదటి గంటలే విలువైనవి. ఆమె నాలుగు నెలలు ఆగెను. మేమును ఒక యౌవనస్థుడును ఆమెతో కూడ వెళ్లి ఫిర్యాదు చేయించితిమి గాని అప్పటికి ఆ ఖాతాలో ఏమియు మిగిలియుండలేదు. గిబియోనీయుల విషయములో సమాజమంతయు పెద్దలమీద సణిగెనని 18వ వచనములో ఉన్నది. సణుగుడు వలన ఒప్పందము రద్దు కాలేదు, ఒక రొట్టెముక్కయు తిరిగి రాలేదు.

కాబట్టి మా పాస్టరేటు కమిటీ ఈ నెలనుండి చిన్న యేర్పాటొకటి చేసినది. కంప్యూటరు తెలిసిన ఇద్దరు యౌవనస్థులు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, రెండవ ఆదివారము ఆరాధన తరువాత మందిరపు వరండాలో కూర్చుందురు. అప్డేటులు చూచుట, అనుమానము కలిగిన సందేశమును చదివి చెప్పుట, ఫిర్యాదు వ్రాయుట వారి పని. వచ్చినవారిని ఎందుకు నమ్మితివని అడుగకూడదని వారికి చెప్పియున్నాము. ఎవరి పాస్‌వర్డును, ఎవరి పిన్‌ను వారు కూడ అడుగరు. అడిగినయెడల ఇవ్వకుడి, వారు మన పిల్లలైనను. వారి పేర్లును ఫోను నంబర్లును 1930తో కూడ నోటీసు పలకమీద పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. ఆ సహోదరి ఈస్టరు పండుగనాడు బల్లయొద్దకు వచ్చినది. స్త్రీల సమాజములో తన సంగతి తానే చెప్పుటకు ఒక దినము అడిగియున్నది.